అల్మారా తలుపూ, అలంకార సమస్యా

కళ కళ కోసమా, ప్రజల కోసమా అన్న విషయం మీద మన సభల్లో జరిగినంత చర్చ మరి దేని మీదా జరిగి వుండదు. కవిత్వం మీద మాట్లాడుకున్నాం, నవల మీద మాట్లాడుకున్నాం, చివరికి సినిమా పాటను కూడా వదిలిపెట్టలేదు. అల్మారా తలుపు గురించి మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. ఇది హాస్యానికి అంటున్న మాట కాదు. కావ్యం అడుగు పెట్టని యిళ్లు మన రాష్ట్రంలో లక్షలుంటాయి. తలుపు లేని యిల్లు, తడికెను కూడా తలుపు కింద జమకట్టుకుంటే, వెతికినా దొరకడం కష్టం. మనిషి రోజుకు పదిసార్లు చేయి వేసి తెరిచి మూసే వస్తువు అందంగా వుండాలా, వుండనక్కర లేదా? వుండాలంటే ఆ అందానికి డబ్బు ఎవరివ్వాలి, చెమట ఎవరు కార్చాలి? ఈ ప్రశ్నలకూ మనం యిన్నాళ్లూ తర్కించుకున్న సాహిత్య ప్రశ్నలకూ చుట్టరికం దగ్గరిదే.

నాకీ ప్రశ్న గ్రంథాల్లో తారసపడలేదు. రుద్రవరంలో మా యింటి గోడలో తారసపడింది.

రుద్రవరం తెలియనివారికి రెండు మాటలు. ఆళ్లగడ్డ దాటి వస్తే తూర్పున నల్లమల, పడమట కుందూ దాకా పరుచుకున్న నల్లరేగడి, ఆ రెంటి అంచున వున్న వూరు మాది. మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4 దాకా కర్నూలు జిల్లాలో వుండేది, ఆనాటి నుంచి నంద్యాల జిల్లాలో వున్నది. మా పాత యిల్లు మట్టిమిద్దె. రాతిగోడలు, దూలాలు, వాటి మీద దంతెలు, పైన చౌడు మన్ను. గోడ మందంలోనే గూళ్లుండేవి. దీపానికొక గూడు, దువ్వెనకూ కుంకుమభరిణెకూ ఒక గూడు, నా బడి పుస్తకాలకొక గూడు. వాటికి తలుపులు లేవు. దాచుకోవలసినంత ఆస్తి లేదు గనక తలుపుల అవసరమూ రాలేదు. వెనక గది కూలగొట్టి సిమెంటు గది వేసుకున్నప్పుడు గూడు పోయి అల్మారా వచ్చింది. లోపల అరలు నాపబండలవి. అవి మా ప్రాంతంలో చవక, చెద పట్టవు. ముందు భాగానికి ప్లైవుడ్డు తలుపు: అయిదడుగుల ఎత్తు, రెండు రెక్కలు, రెక్క వెడల్పు అడుగున్నర. బిగించినవాళ్లు ఒక పూత తెల్లరంగు కొట్టి వెళ్లిపోయారు. ఆ తలుపుకు ముఖం లేదు. ఆస్పత్రి గోడకూ దానికీ తేడా తెలిసేది కాదు.

లోపల వున్నవి పుస్తకాలు. సాయంత్రం పూట పిల్లలు వచ్చి తీసుకుపోతుంటారు. అంచేత ఆ తలుపు నా ఒక్కడిదే అనుకోవడానికి వీల్లేదు. అది కాస్త చూడముచ్చటగా వుంటే బాగుండునని నాకు బుద్ధి పుట్టింది. పెట్టగలిగిన డబ్బు మూడు వేలు. నంద్యాలలో ఒక దుకాణంలో అడిగితే, తయారుగా వున్న తలుపులు రెండు రెక్కలూ కలిపి తొమ్మిది వేలన్నారు. టేకు లాగా కనిపిస్తాయి. టేకు కాదు. చెక్క పొట్టును జిగురుతో అదిమిన పలక మీద, టేకు చారలు అచ్చువేసిన కాగితాన్ని మెలమైన్ అనే గట్టి రసంలో ముంచి అంటిస్తారు. నిలబడి చూశాను. ఒక కర్రముడి బొమ్మ పైన కనిపించింది, కింద కనిపించింది, పక్క రెక్కలో మళ్లీ కనిపించింది. ఏ చెట్టుకూ ఒకే ముడి మూడు చోట్ల రాదు.

ఈ వేషం కొత్తది కాదు లెండి. నాటుకర్ర మీద గోధుమరంగు పూసి, తడి ఆరకముందే పళ్ల దువ్వెన లాగి ఖరీదైన కర్ర చారలు తెప్పించడం రంగుపనివాళ్లకు పాత విద్యే. దాంట్లో కనీసం లాగిన మనిషి చేతివణుకు వుండేది. థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లో విలాసవర్గం మీద రాసిన గ్రంథంలో ఈ సంగతి విప్పి చెప్పాడు: కలవాడు తనకు వృధా చేయగలిగినంత వున్నదని లోకానికి చూపడానికి వస్తువులు కొంటాడు, లేనివాడు కలవాడి నీడను కొంటాడు. ఆ అచ్చు కాగితం సరిగ్గా అటువంటి నీడ. మనవాళ్లు అప్పు చేసి కొంటున్నది దాన్నే.

దీనికి రెండో అంచు కూడా వున్నది. అది మరీ వింతైనది. పట్టణాల్లో బాగా డబ్బున్నవాళ్లిప్పుడు కొత్త తలుపు కావాలని అడగడం లేదు, పాత తలుపు కావాలంటున్నారు. తమిళనాడులో కారైకుడి పాతసామాను అంగళ్లలో చెట్టినాడు యిళ్ల నుంచి వూడదీసిన చెక్కడపు తలుపులు వరసగా ఆనించి పెట్టి వుంటాయి. హోటళ్లవాళ్లు, బంగళాలవాళ్లు వచ్చి బేరమాడి పట్టుకుపోతారు. అసలు పాతది దొరకనివాళ్లు కొత్తదానికే దెబ్బలు తినిపిస్తారు. గొలుసుతో కొట్టి నొక్కులు వేస్తారు, అంచుల్లో రంగు గీకేస్తారు, పురుగు తిన్నట్టు సన్నటి బెజ్జాలు కూడా పొడుస్తారు. దీన్ని తలుపుకు 'వ్యక్తిత్వం' తెప్పించడమంటారు. మా వీధిలో చూస్తే, అటువంటి గీతలన్నీ సహజంగా పడ్డ తలుపులు పాతిక వుంటాయి. ఆ యిళ్లవాళ్లు పండుగ వచ్చిందంటే లప్పం పెట్టి రంగు వేసి వాటిని కప్పుకోవడానికి అప్పు వెతుక్కుంటారు. పేదరికం మిగిల్చిన గుర్తును పేదవాడు డబ్బిచ్చి చెరుపుకుంటాడు, ధనవంతుడు డబ్బిచ్చి పెట్టుకుంటాడు. మార్కెట్టు యిద్దరికీ రంగు డబ్బా అమ్ముతుంది.

ఆ మాటకొస్తే కర్ర వస్తువు అంత అమాయకమైనదేమీ కాదు. మార్క్సు 1867లో 'పెట్టుబడి' మొదటి అధ్యాయంలో సరకు మాయను వివరించడానికి ఎత్తుకున్న ఉదాహరణ బల్ల. కర్రతో బల్ల చేసినంతవరకూ అది మామూలు వస్తువే. బజారుకెక్కిన క్షణం నుంచి దానికి పూనకం వస్తుంది. అంతకు పాతికేళ్ల ముందు, 1842లో, పత్రికా రచయితగా వున్న రోజుల్లో ఆయన రాసిన వ్యాసాల్లో ఒకటి కర్ర దొంగతనం చట్టం మీదే. అడవిలో రాలిన పుల్లలు ఏరుకునే రైన్ ప్రాంతపు పేదలను దొంగలను చేస్తున్న చట్టం అది. నల్లమల అంచున బతికేవాడికి ఆ వ్యాసం పరాయి దేశపు కథలా తోచదు. 1882 మద్రాసు అటవీ చట్టం మన అడవులకు గిరి గీసింది. ఆ గిరి దగ్గర పుల్లరి కట్టమన్నందుకే పల్నాటి రైతులు ఎదురు తిరిగారు, 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు.

మా రుద్రవరం అటవీ రేంజిలో ఎర్రచందనం పెరుగుతుంది. ప్రపంచంలో అది సహజంగా పెరిగేది రాయలసీమ, నెల్లూరు చుట్టుపక్కల కొండల్లోనే. చైనాలో దాన్ని 'జితాన్' అంటారు. అక్కడి రాజమందిరాల్లో ఆ కర్ర బీరువాలకూ బల్లలకూ వున్న విలువ చెప్పనలవి కాదు, యిప్పటి సంపన్నులకు కూడా ఆ మోజు తగ్గలేదు. ఆ మోజు తీర్చడానికి దొంగచాటుగా గొడ్డలి పట్టేది పొట్ట చేతబట్టుకుని వచ్చిన కూలీలు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో యిరవైమంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలి మనుషులు. ఎక్కడో ఒక భవనంలో అల్మారా తలుపు మెరవడానికి యింత దూరం నుంచి నెత్తురు వెళ్లింది. యిక మా వూళ్లో మాకు దొరికేది ప్లైవుడ్డు. అది హర్యానా యమునానగర్ వైపు పోప్లార్ చెట్ల నుంచో, కేరళ పెరుంబావూరు రబ్బరు చెట్ల నుంచో పొరలు పొరలుగా ఒలిచి, జిగురు రాసి, అదిమి లారీల మీద వస్తుంది. అడవి పక్కన కాపురమున్నవాడికి కర్ర రెండు వేల కిలోమీటర్ల నుంచి రావడం, పక్కనున్న కర్ర సముద్రాలు దాటిపోవడం, దీన్ని మించిన ఆర్థశాస్త్ర పాఠం తరగతిలో నేను చెప్పలేను.

తలుపు దగ్గరికి వస్తాను. మా వూరి ఆచారిని పిలిచాను. అరవై దాటిన మనిషి. ఎద్దులబండ్లు చేసిన చేతులవి, యిప్పుడు కంపెనీ తలుపులకు మడతబందులు బిగించడానికి దినకూలికి పోతున్నాయి. కొడుకు హైదరాబాదులో యిళ్ల లోపలి అలంకరణ చేసే ఒక సంస్థ కింద పని చేస్తాడు. అచ్చు కాగితం పలకలు కోసి అంటించడం అతని పని. తండ్రి పట్టిన బాడిస కొడుకు పట్టలేదు. నేను నా ఆలోచన చెప్పాను: రెక్క చుట్టూ, మధ్యలో అడ్డంగా రెండంగుళాల కర్రపట్టీలు అంటిస్తే పాతకాలపు పలకల తలుపు లాగా కనిపిస్తుంది గదా, ఖర్చూ తక్కువ.

ఆచారి తలుపు మీద వేలితో కొట్టి చూశాడు. "ఏంటికి సార్ దీనికి చట్రం?" అన్నాడు. "కర్రనేది వూపిరి తీస్తాది. వానకు వుబ్బుతాది, ఎండకు ముడుచుకుంటాది. వెడల్పాటి పలకను మేకులేసి బిగిస్తే పగులుతాది. అందుకని మా పెద్దోళ్లు చట్రం జేసి, దాంట్లో గాడి దీసి, పలకను వదులుగా నిలబెట్టినారు. అది పలకకు తిరగను చోటు. ఈ పిలైవుడ్డుకు ఆ బాధ లేదు. పొర నిలువు, పొర అడ్డం. యాడికీ కదల్లేదు. దీనికి చట్రం పెడితే అది వేషమే."

నేను కొంచెంసేపు మాట్లాడలేదు. రూపం అవసరంలో నుంచి పుట్టాలని మన పుస్తకాలు చెప్పేదీ యీ ముసలాయన చెప్పేదీ ఒకటే. మనం 'రూపసారాల ఐక్యత' అంటాం. ఆయన 'పలకకు తిరగను చోటు' అన్నాడు. ఆయన మాటలో కొలత వున్నది.

"మరి ఏం చేద్దాం?" అన్నాను.

"అంచులు జూడు సార్. పొరలు బయట పడినాయి. పిల్లోళ్లు రోజూ లాగితే పెచ్చులు లేస్తాయి, తేమ యెక్కుతాది. అంచులకు మాత్రం గట్టికర్ర పట్టీ కావల్ల. అది వేషం గాదు, పనికొచ్చేది."

కూలగొట్టిన మిద్దె దంతెలు పెరట్లో పడి వున్నాయి. ఒకటి తీసి చివర చిత్రిక పట్టాడు. లోపలి నుంచి తేనెరంగు కర్ర బయటపడింది. ఒక చిత్రికపొట్టు తీసి నీళ్ల గ్లాసులో వేశాడు. కాసేపటికి ఆ నీళ్లను వెలుతురుకు పట్టి చూస్తే నీలిచాయ తేలింది. "యేగిస" అన్నాడు, పరీక్ష పేపరు దిద్దినవాడిలాగా. ఎన్నేళ్లు మా నెత్తి మీద చౌడు మోసిందో ఆ కర్ర. దాన్ని కోసి అంగుళం లోపు మందాన పట్టీలు తీసి నాలుగంచులకూ జిగురుతో, తల లేని సన్నమేకులతో బిగించాడు. తెల్లరంగంతా గీకి, గరుకు కాగితంతో రెండు వరసలు రుద్దాడు. రెండు రోజుల పని. తలుపు మధ్యభాగం ఖాళీగా మిగిలింది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. తక్కువ ఖర్చు అనే మాటను మనం చాలా తేలికగా వాడేస్తాం. ఒక వస్తువు చవక అయిందంటే, సామాను తగ్గి వుండాలి, యంత్రం వచ్చి వుండాలి, లేదా ఎవడి కూలో తగ్గి వుండాలి. పల్లెల్లో 'తక్కువలో చేయించాం' అని మురిసేవాళ్లలో చాలామంది మూడో దారిన వచ్చినవాళ్లే. ఆచారికి రోజుకు తొమ్మిది వందలు. రెండు రోజులకు పద్దెనిమిది వందలు పోగా నా చేతిలో పన్నెండు వందలు మిగిలాయి. ఆయన పదిహేను వందలకు చేస్తానని తనంతట తానే అన్నాడు. పని దొరక్క అన్నమాట అది. దాన్ని మంచితనంగా తీసుకుని జేబులో వేసుకునే హక్కు నాకు లేదు. సామానులో తగ్గించుకుందామన్నాను.

ఈ మధ్యలో మా సహోపాధ్యాయుడు వచ్చాడు. పాత కార్యకర్త, మాట కటువు, మనసు మంచిది. తలుపు రెక్కలు పంచలో ఆనించి వుండటం చూసి సంగతంతా విన్నాడు. "మన బడి పిల్లల్లో సగంమంది యిళ్లల్లో మరుగుదొడ్డికి తలుపు లేదు. గోనెపట్టా కట్టుకున్నారు. నువ్వేమో అల్మారా తలుపుకు సొగసులు దిద్దుతున్నావు. ఇది మధ్యతరగతి వ్యామోహం కాక మరేమిటి?" అన్నాడు.

మాట వాస్తవం. ఆ వాస్తవాన్ని నేను కాదనలేదు, యిప్పుడూ కాదనను. ఆయన వాదానికి పెద్ద వత్తాసు కూడా వున్నది. వియన్నాలో అడాల్ఫ్ లూస్ అనే వాస్తుశిల్పి 1910 ప్రాంతంలో, అలంకారం నేరమన్నంత దూరం పోయి ఉపన్యసించాడు. చాలామంది ఆయన్ను వట్టి అభిరుచి పిచ్చివాడి కింద కొట్టిపారేస్తారు గాని, ఆయన వాదంలో కూలి లెక్క వున్నది. చెక్కడం పెట్టెకూ సాదా పెట్టెకూ బజారులో ధర తేడా స్వల్పం. పనివాడి గంటలు మాత్రం రెండింతలు, మూడింతలు. అంటే అలంకారం పేరిట దోపిడీ అవుతున్నది వాడి ఆయుష్షు. ఇది మనం గట్టిగా పట్టుకోవలసిన మాట. మన ఆళ్లగడ్డ శిల్పులనే చూడండి. రాతిలో దేవుడి మీసం మెలికను, నగల ముత్యాన్ని విడివిడిగా తేల్చగల చేతులవి. రాళ్ల దుమ్ము పీల్చి వూపిరితిత్తులు పాడుచేసుకునే చేతివృత్తి అది. విగ్రహానికి పూజలు జరుగుతాయి, చెక్కినవాడు గుడి బయట.

అయినా లూస్‌తో నేను చివరిదాకా నడవలేను. ఆయన అలంకారాన్ని కొనేవాడి వైపు నుంచీ, కూలికి చేసేవాడి వైపు నుంచీ చూశాడు. తనకోసం తానే చేసుకునేవాడు ఆయన లెక్కలో సరిగా పడలేదు. మా వూళ్లో యెరువాక పున్నమికి ఎద్దు కొమ్ములకు రంగు పూసే పాలేరుకు ఎవరూ కూలి యివ్వరు, ఎవరూ బలవంతపెట్టరు. అద్దెకుంటున్న గుడిసె అయినా సరే, గడపకు పసుపు పూసి, ఎర్రమన్ను పట్టె తీర్చి, దాని మీద సున్నపు చుక్కలు పెట్టకుండా మా ఆడవాళ్లు పండుగ చేయరు. మూడు రూపాయల పసుపుతో, గుప్పెడు ముగ్గుపిండితో సాదా తలుపుకు ముఖం తెప్పించే విద్య మన యిళ్లలో వుండనే వున్నది. నేను నంద్యాల అంగళ్లు తిరుగుతూ దాన్ని వెతుకుతున్నాను! గోనెపట్టా కట్టిన గుడిసె ముందు కూడా తెల్లవారితే ముగ్గు వుంటుందని మా మిత్రుడికి చెప్పాను. ఆకలి తీరిన తర్వాత అందం అన్న వరస మనం రాసుకున్నది, వాళ్లు పాటించడం లేదు. ఆయన వెంటనే, "ఆ ముగ్గు వేసే ఆమెను అడిగావా, అది సంతోషంగా వేస్తున్నదా, వెయ్యకపోతే అత్త తిడుతుందని వేస్తున్నదా?" అన్నాడు. అదీ వాస్తవమే. ఈ వాదం తెగలేదు.

ఇంగ్లండులో విలియం మారిస్ యీ చిక్కులోనే జీవితమంతా గడిపాడు. 1861లో సంస్థ పెట్టి గోడకాగితాలు, కుర్చీలు, అద్దకాలు చేతిపనిగా చేయించాడు. పనిచేసేవాడికి పనిలో ఆనందం దక్కాలన్నాడు. అంత చక్కటి చేతిపనికి న్యాయమైన కూలి కట్టేసరికి వస్తువుల ధర పెరిగింది, అవి ధనవంతుల హాళ్లకు చేరాయి. అది ఆయన్ను కాల్చింది. 1883 నాటికి సోషలిస్టు ఉద్యమంలో దిగి వీధుల్లో నిలబడి ఉపన్యాసాలిచ్చాడు. కుర్చీని మార్చినంతలో సరిపోదు, కుర్చీ చేసేవాడికీ కూర్చునేవాడికీ మధ్యనున్న సంబంధం మారాలని ఆయన చేతిపని ద్వారానే తెలుసుకున్నాడు. జర్మనీలో 1919లో మొదలైన బౌహౌస్ బడి ఎదురు దారి తొక్కింది. యంత్రంతోనే చవకగా, సాదాగా, అందరికీ అందేటట్టు చేద్దామన్నది. 1933లో నాజీల ఒత్తిడికి అది మూతబడింది. ఆ బడి కుర్చీల నకళ్లు యివాళ సంపన్నుల గదుల్లో గొప్పకు కూర్చున్నాయి. సాదాతనం కూడా అమ్ముడుపోయింది!

మన దగ్గర సమస్యకు మరో ముడి వున్నది, కులం. అంబేద్కర్ 1936లో కులనిర్మూలన గురించి రాస్తూ, కులం పనిని విభజించడంతో ఆగదు, పనివాళ్లనే విభజిస్తుందని తేల్చి చెప్పాడు. ఆచారి ఉలి తండ్రి దగ్గర నేర్చాడు, వేరే బడి ఆయనకు లేదు. ఆయన విద్య నేర్చుకోవాలని వేరే యింటి పిల్లవాడికి తోచదు, తోచినా పెద్దలు పంపరు. అంచేత కొడుకు హైదరాబాదు పోవడంతో విద్యకు వూళ్లో వారసుడు లేకుండా పోయాడు. కొడుకును తప్పుపట్టి లాభం లేదు. కులవృత్తి పోతున్నదని కంటనీరు పెట్టుకునే పెద్దమనుషులను చూస్తే నాకు వొళ్లు మంట. వాళ్ల పిల్లలను ఒక్కరోజు బాడిస పట్టుకోమనండి.

ఖాళీగా మిగిలిన మధ్యభాగం సంగతి. ఆయిల్ రంగు వెయ్యాలంటే వున్న పన్నెండు వందల్లో చాలా భాగం దానికే పోతుంది. నేను బడిలో చెప్పేది సైన్సు. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు లోహాలూ లవణాలూ చెప్పేటప్పుడు శ్రీకాళహస్తి కలంకారీ నల్లరంగు గురించి చెప్పడం నాకలవాటు. తుప్పు యినుమును బెల్లపు నీళ్లలో వేసి కుండలో మూడు వారాలు మాగబెడితే కసిం తయారవుతుంది. చూడటానికి అది పల్చటి మట్టినీరు. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి ముందే తడిపి ఆరబెట్టిన బట్ట మీద దాన్ని తాకిస్తే, తాకినచోటల్లా నల్లబడుతుంది. కరక్కాయలో వున్న టానిన్లకూ యినుప లవణానికీ జరిగే సంయోగం అది. యూరపులో శతాబ్దాల పాటు దస్తావేజులు రాసిన సిరా కూడా యీ రసాయనమే. పాలు ఎందుకంటే, వాటిలోని కొవ్వు గీతను పక్కలకు పాకనివ్వదు. 1950ల చివర శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టి యీ విద్యను నిలబెట్టకపోతే యివాళ మనకు దాని పేరు మాత్రం మిగిలేది. బట్టకు పనిచేసేది కర్రకు ఎందుకు పనిచేయదు? ప్లైవుడ్డు పైపొర కూడా చెట్టుదే గదా.

కరక్కాయలు అంగట్లో నలభై రూపాయలకు వచ్చాయి. నల్లమలలో చెంచులు ఏరినవే అవి తిరిగి తిరిగి అక్కడికి చేరి వుంటాయి. తుప్పు మేకులు పిల్లలు పోటీపడి తెచ్చారు. బెల్లం యింట్లోదే. కుండ వాసనకు మా యింట్లో పెద్ద గొడవే అయింది. దాన్ని యిక్కడ రాయను. మూడు వారాలయ్యాక రెక్కలకు కరక్కాయ పాలు రెండు పూతలు గుడ్డతో పట్టించాం. పాలవాసనకు రెండు రోజులు పిల్లి తలుపును వదల్లేదు. కర్ర లేత పసుపు తిరిగింది.

గీత గీసేదెవరు? నాకు చేతకాదు. ఆచారి ఉలితో గీయగలడు గాని కుంచె తన పని కాదన్నాడు. పంచలో కూర్చుని యిదంతా చూస్తున్న మా అమ్మ అన్నది: "ఆ రెక్క నేల మీద పడుకోబెట్టు. నిలబెట్టిన దాని మీద నా చెయ్యి పోదు."

నాలుగు యిటుకల మీద రెక్కను పరుండబెట్టాం. అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. పన్నెండో యేట నుంచి ముగ్గు వేస్తున్నది. లెక్క కడితే యిరవై వేల పైచిలుకు తెల్లవారుజాములు. ఆ యిరవై వేలలో ఒక్కటి కూడా యివాళ లేదు. పశువులు తొక్కినవి కొన్ని, చీపురు కింద పోయినవి కొన్ని, వాన తీసుకుపోయినవి కొన్ని. మన విమర్శకులు ఏ కవినైనా అంచనా కట్టేటప్పుడు ఎన్ని సంపుటాలు తెచ్చాడని మొదట చూస్తారు. ఈ కొలత పెడితే మా అమ్మ లాంటివాళ్లు చరిత్రలో కనబడరు. ప్రజానాట్యమండలి 1943 తర్వాత బుర్రకథను చేరదీసి వేలమంది ముందు నిలబెట్టింది. ముగ్గుకు ఆ భాగ్యం కలగలేదు. అది ఆడవాళ్ల పని గనకా, నేల మీద వుండేది గనకా మన కంటికి ఆనలేదు.

కొబ్బరిపీచు కుంచె ఆమెకు నచ్చలేదు. వేపపుల్ల చివర నమిలి, దానికి నూలుగుడ్డ పీలిక చుట్టి కసింలో ముంచింది. మొదట చుక్కలు పెట్టింది. చుక్క పెట్టిన క్షణంలో బూడిదరంగు, నాలుగు ఊపిరుల తర్వాత నలుపు. ఆ నలుపు తేలడం చూసి చేయి ఆపింది. "ఇది తుడిస్తే పోదా?" అని అడిగింది. పోదన్నాను. పిండిముగ్గులో తప్పు పడితే కాలితో చెరిపి మళ్లీ లాగే మనిషి. ఆ తర్వాత చేతివేగం సగానికి సగం తగ్గింది. ఒక రెక్క మీద ఏడు చుక్కల మెలిక ముగ్గు, రెండో రెక్క మీద కూడా అదే అనుకుంటే, ఆమె మధ్యలో మనసు మార్చుకుని జొన్నకంకులు వేసింది. రెండూ జోడు కుదరలేదని నేనంటే, "రెండు కండ్లూ ఒక్కతీరుగా వుంటాయా?" అన్నది. కుడిరెక్క కింది మూలలో ఒక గీత వణికింది. దాన్ని దిద్దనివ్వలేదు నేను. యేగిస పట్టీల మీద కూడా కొంచెం కసిం పడింది. అవి ఏ తాపడమూ లేకుండానే నల్లబడ్డాయి, కర్రలోనే టానిన్లున్నాయి గనక. పైన లక్కచపడా స్పిరిట్టులో కరిగించి, గుడ్డవుండతో మూడు చేతులు పట్టించాడు ఆచారి. ఆ రోజు కూలి వేరే.

మొత్తం లెక్క యిది. ఆచారికి మూడు రోజులకు యిరవై ఏడు వందలు. కరక్కాయలు నలభై, పాలు ముప్పై, గరుకు కాగితం, జిగురు, మేకులు కలిపి రెండు వందల పది, చపడా స్పిరిట్టు రెండు వందల ఎనభై. మూడు వేల రెండు వందల అరవై. అనుకున్నదానికన్నా రెండు వందల అరవై ఎక్కువ. అందులో కూలి ఎంత, సామాను ఎంత అన్నది పాఠకులు చూసుకుంటారు.

మా సహోపాధ్యాయుడు వచ్చి తలుపు చూశాడు. బాగున్నదని అనలేదు. జొన్నకంకి మీద వేలు పెట్టి కాసేపు నిలబడి, లోపలి నుంచి ఒక పుస్తకం తీసుకుపోయాడు. ఆ తర్వాతి వారం మరుగుదొడ్ల తలుపుల విషయమై పంచాయతీకి రాసే అర్జీ మీద నా సంతకం, పిల్లల తల్లుల సంతకాలు తీసుకున్నాడు. ఆ అర్జీ యింకా నడుస్తున్నది.

సాయంత్రం లెక్క కాగితం చదువుతుంటే అమ్మ విన్నది. "ఆచారికి యిరవై ఏడు నూర్లా? మరి నా కూలి యాదిరా?" అన్నది. నవ్వుతూనే అన్నది. మేమంతా నవ్వాం. నవ్వు ఆగాక ఆమె మళ్లీ అడిగింది, ఈసారి నవ్వకుండా. "ఆ మూల గీత వణికింది చేతి వల్ల కాదు, కంటి వల్ల. అద్దాలు మార్పించు." మరుసటి ఆదివారం నంద్యాల తీసుకుపోయాను. పరీక్షా, అద్దాలూ, చట్రమూ, బస్సు ఛార్జీలూ కలిపి మూడు వేల నాలుగు వందలైంది.